బుక్ చేసిన కారు రాలేదు, దసరా దగ్గరికొచ్చేసింది

పేరు రాయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం పంపారు. ఆమె ఉప్పల్ దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్. నాన్నగారు ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. సొంత కారు ఎన్నడూ లేదు. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగిపోయింది, మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. అందుకే ఆయన కోసం ఆటోమేటిక్ కారు కొందామని ఉగాది రోజున హైదరాబాద్‌లోని ఒక షోరూమ్‌లో బుక్ చేశారు. మధ్య వేరియంట్, తెల్ల రంగు, ఎక్స్‌షోరూమ్ ధర 9 లక్షల 60 వేలు (రోడ్డు టాక్స్, ఇన్సూరెన్స్ కలపకుండా). 21 వేలు కార్డు మీద కట్టి రసీదు తీసుకున్నారు. "మీ బండికి ఫ్యాక్టరీలో ఆర్డర్ పెట్టేశాం మేడమ్, ఎనిమిది వారాల్లో వచ్చేస్తుంది" అన్నాడు సేల్స్ ఎగ్జిక్యూటివ్. నెల గడిచాక, అలాట్‌మెంట్ ముందుకు జరపాలంటే ఇంకో 25 వేలు కావాలన్నాడు. అతని ఫోన్ నంబర్‌కే పంపారు. దానికి రసీదు లేదు.

ఇప్పుడు ఆరో నెల నడుస్తోంది. ఎప్పుడు ఫోన్ చేసినా "వచ్చే వారం" అన్నదే జవాబు. ఈలోగా ఆ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగం మానేశాడు. అతని స్థానంలో వచ్చినతను రెండు దారులు చూపించాడు. అదే వేరియంట్‌లో మాన్యువల్ గేర్ కారయితే రేపే ఇస్తారట. లేదంటే యార్డులో టాప్ వేరియంట్ ఆటోమేటిక్ రెడీగా ఉంది, ఎక్స్‌షోరూమ్ 10 లక్షల 75 వేలు. బుక్ చేసిందే కావాలంటే ఎప్పుడొస్తుందో చెప్పలేమని, పైగా ధర పెరిగిందని అన్నాడు. బ్యాంకు లోన్ శాంక్షన్ గడువు కూడా దగ్గరపడింది.

నాన్నగారు ఏటా దసరాకి డిపోలో తన బస్సును కడిగి, బంతిపూల దండలు కట్టి, గుమ్మడికాయ కొట్టేవారట. ఈసారి ఆ పూజ ఇంటి ముందు సొంత బండికి చేయాలని ఆయన ఆశ. చుట్టాలందరికీ చెప్పుకున్నారు కూడా. ఇప్పుడేమో "ఏదో ఒకటి తీసుకో బిడ్డా, మాన్యువల్ అయినా నడుపుత" అంటున్నారు. బెంగళూరులో ఉన్న తమ్ముడు "క్యాన్సిల్ చేసి వేరే కంపెనీ కారు తీసుకో అక్కా" అంటున్నాడు. ఉత్తరం చివర ఆమె ఇలా రాశారు: "నేను మోసపోయానా, లేక కార్లు కొనేటప్పుడు ఇదంతా మామూలేనా? అదే తెలియక రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు."

సమాధానం:

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతానండీ. ఇందులో మామూలు సంగతి ఒకటుంది, మామూలు కానిది ఒకటుంది. బండి ఆలస్యం కావడం మామూలే. అతని ఫోన్‌కు పంపిన 25 వేలు మాత్రం మామూలు కాదు. మీ ఉత్తరంలో ఈ రెండూ ఒకదానికొకటి చుట్టుకుపోయాయి, మీ టెన్షన్‌కు సగం కారణం అదే. దేని దారి దానిదిగా చూద్దాం.

"ఫ్యాక్టరీలో ఆర్డర్ పెట్టేశాం" అన్న మాట వింటే, ఎక్కడో మీ పేరు రాసుకుని ఒక తెల్ల కారు తయారవుతోంది అనిపిస్తుంది. మనం కొనే మామూలు కార్ల విషయంలో అలా జరగదు. షోరూమ్ వాళ్లు నెలనెలా కంపెనీకి ఇండెంట్ పెడతారు: ఈ మోడల్ ఇన్ని, ఈ వేరియంట్ ఇన్ని, ఈ రంగు ఇన్ని అని. కంపెనీ తన దగ్గర తయారైన బండ్లను దేశంలోని డీలర్లందరికీ పంచుతుంది. అడిగినవన్నీ ఎవరికీ రావు. పంపే బండిని ముందు డీలర్ పేరు మీద బిల్ చేస్తుంది. అది ట్రెయిలర్ ఎక్కి శ్రీపెరుంబుదూరు నుంచో, పెనుకొండ నుంచో, మనేసర్ నుంచో, గుజరాత్ నుంచో బయల్దేరి మన ఊరి శివార్లలోని స్టాక్ యార్డుకు చేరుతుంది. ఆ బండి ఎవరికి పోవాలన్నది వెయిటింగ్ లిస్టు చూసి షోరూమ్‌లోనే తేలుస్తారు. అంటే మీ 21 వేలు కొనిపెట్టింది ఆ వరుసలో ఒక చోటు. వరుస నిజాయితీగా నడిస్తే మీ వంతు వస్తుంది. మధ్యలో ఎవరైనా దూరితే మీకు తెలిసే వీలే లేదు.

ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. చాలామంది డీలర్లు స్టాకును బ్యాంకు అప్పు మీదే తెచ్చుకుంటారు. యార్డులో నిలబడ్డ ప్రతి బండికీ రోజూ వడ్డీ పడుతూనే ఉంటుంది. ఆ టాప్ వేరియంట్‌ను, ఆ మాన్యువల్‌ను మీకు ఎందుకంత గట్టిగా చూపిస్తున్నారో ఇప్పుడు అర్థమవుతుంది. కొత్త ఎగ్జిక్యూటివ్ చెడ్డవాడని కాదు. ఉన్న బండి అమ్మడం అతని ఉద్యోగం.

అందుకే ఈసారి షోరూమ్‌కు వెళ్లినప్పుడు "ఎప్పుడొస్తుంది?" అని అడగకండి. ఆ ప్రశ్నకు "వచ్చే వారం" అనేయడం చాలా సులువు. "నా పేరు మీద చాసిస్ నంబర్ పడిందా?" అని అడగండి. ఒక్కో బండికీ ఫ్యాక్టరీలోనే వేసే, అంకెలు, అక్షరాలు కలిపి 17 ఉండే నంబర్ అది. అది ఉందంటే బండి తయారై, డీలర్‌కు బిల్లయి, దారిలోనో యార్డులోనో ఉన్నట్టు. అది లేకుండా చెప్పే తేదీ ఏదైనా అంచనానే. ఆ వెంటనే రెండో ప్రశ్న వేయండి: మీ బుకింగ్ కంపెనీ సిస్టమ్‌లో ఎక్కిందా, ఎక్కితే ఏ తేదీన? బుక్ చేసినప్పుడు కంపెనీ నుంచి బుకింగ్ నంబర్‌తో మెసేజ్ వచ్చిందేమో ఫోన్‌లో వెతకండి. దొరకకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కు మీరే ఫోన్ చేసి, మీ మొబైల్ నంబర్ చెప్పి అడగండి. ఉగాది తేదీతోనే అక్కడ ఉంటే మీ ఆరు నెలల సీనియారిటీ భద్రం. లేదంటే మీ పేరు ఇన్నాళ్లూ ఆ వెళ్లిపోయినతని డైరీలో మాత్రమే ఉందన్నమాట. బాధ కలిగించే మాటే అయినా, తేలడమే మంచిది.

ఇక 25 వేల సంగతి. ఈ పని రేపే మొదలుపెట్టండి, కారు కోసం ఆగవద్దు. యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి, తేదీ, రిఫరెన్స్ నంబర్, అతని పేరు కనపడేలా స్క్రీన్‌షాట్ తీయండి. డబ్బు అడిగిన వాట్సాప్ మెసేజ్‌లు ఉంటే వాటినీ భద్రపరచండి, ఫోన్ మార్చినా పోకుండా తమ్ముడికి కూడా ఒక కాపీ పంపండి. తర్వాత షోరూమ్ జనరల్ మేనేజర్‌కు ఒక పేజీ ఉత్తరం రాసి ఈమెయిల్ చేయండి. అందులో కోపం అక్కర్లేదు. ఏ తేదీన, ఎంత, ఎవరికి, ఏమని చెబితే ఇచ్చారో రాసి, ఆ మొత్తం మీ బుకింగ్ ఖాతాలో జమ అయిందో లేదో ఏడు రోజుల్లో రాతపూర్వకంగా చెప్పమనండి. "అతను వెళ్లిపోయాడు, మాకు సంబంధం లేదు" అంటారేమో. అతను వాళ్ల ఉద్యోగిగా, వాళ్ల షోరూమ్ బుకింగ్ కోసమే అడిగాడు కాబట్టి మీ వాదనకు బలం ఉంది. అయినా కాదంటే అతని మీద పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆ మాట ఉత్తరంలో మర్యాదగా ఒక వాక్యంలో చెప్పండి చాలు. ఇకముందు ఒక్క రూపాయి కట్టినా డీలర్ కంపెనీ ఖాతాలోనే కట్టండి, రసీదు చేతికొచ్చాకే కుర్చీలోంచి లేవండి.

ధర పెరిగిందన్న మాట అబద్ధమే కానక్కర్లేదు. బుకింగ్ ఫారం వెనక సన్న అక్షరాల్లో "డెలివరీ నాటి ధర వర్తిస్తుంది" అని దాదాపు అందరూ రాస్తారు. ఒక్కోసారి ఆ షరతు మనకూ కలిసొస్తుంది. 2025 సెప్టెంబర్ 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గినప్పుడు, అంతకుముందే బుక్ చేసి ఆ తర్వాత బిల్లయినవాళ్లకు తగ్గిన పన్నే పడింది. మీ విషయంలో అది ఎదురుతిరిగింది. కంపెనీ వెబ్‌సైట్‌లో హైదరాబాద్ ఎక్స్‌షోరూమ్ ధర చూసి, నిజంగా ఎంత పెరిగిందో సరిచూసుకోండి. కంపెనీ పెంచినదాన్ని డీలర్ తగ్గించలేడు. కానీ ఆలస్యం వాళ్లవైపు నుంచి జరిగింది కాబట్టి, ఆ తేడాను డిస్కౌంట్‌గానో యాక్సెసరీస్‌గానో సర్దమని అడిగే హక్కు మీకుంది. కొటేషన్‌లో హ్యాండ్లింగ్ చార్జీలని, లాజిస్టిక్స్ అని ఒక లైను ఉంటే తీసేయమనండి, అది మీరు కట్టాల్సింది కాదు. ఇన్సూరెన్స్ కూడా వాళ్ల దగ్గరే చేయించాలన్న రూలేమీ లేదు. బయట రెండు కొటేషన్లు తెచ్చుకుని చూపించండి, చాలాసార్లు అక్కడికక్కడే రేటు దిగుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మాన్యువల్ కారు గురించి ముందే చెప్పేస్తాను. మిగతా అన్నిటిలో నిర్ణయం మీదే అంటాను కానీ, ఇది మాత్రం వద్దండీ. ఉప్పల్ నుంచి హబ్సిగూడ మీదుగా తార్నాక దాకా సాయంత్రం ఆరింటికి ఎన్నిసార్లు క్లచ్ తొక్కాలో మీ నాన్నగారికే బాగా తెలుసు. ఆ మోకాలి కోసమే కదా ఈ కారు కొంటున్నది. ఆయన "నడుపుత" అంటున్నది మీ ముఖంలో దిగులు చూడలేక.

టాప్ వేరియంట్ తీసుకుంటే దసరాకి బండి ఇంటి ముందు ఉంటుంది. అది చిన్న విషయం కాదు. కానీ మీరు లెక్కల టీచర్, లెక్క పూర్తిగా వేయండి. ఎక్స్‌షోరూమ్‌లో మీరు బుక్ చేసిన నాటి ధరతో చూస్తే తేడా లక్షా 15 వేలు. అది మొదటి మెట్టు మాత్రమే. ధర పది లక్షలు దాటిన కారుకు ఒక శాతం టీసీఎస్, అంటే ముందస్తు ఆదాయపు పన్ను, డీలరే వసూలు చేస్తారు. మీకది 10,750. అది రిటర్న్ వేసినప్పుడు మీ పన్నులో సర్దుబాటవుతుంది, కానీ ఇప్పుడు చేతిలోంచి పోతుంది. తెలంగాణలో పది లక్షలు దాటితే లైఫ్ టాక్స్ (రిజిస్ట్రేషన్ అప్పుడు ఒకేసారి కట్టే రోడ్డు టాక్స్) శ్లాబ్ కూడా మారుతుంది, పైగా ఆ కొత్త శాతం, పది లక్షలు దాటిన 75 వేల మీద కాకుండా మొత్తం ధర మీద పడుతుంది. ఒక్కో శాతానికీ పది వేల పైచిలుకు. ఇన్సూరెన్స్ కూడా కొంచెం పెరుగుతుంది. అన్నీ కలిపి ఆన్‌రోడ్ ధరలో తేడా ఎంతో కాగితం మీద రాయించుకుని, ఆ తేడాకు ఈఎంఐ ఎంత పెరుగుతుందో చూడండి. మీ జీతంలో ఆ పెరుగుదల నెలనెలా నొప్పి పుట్టించకపోతే ఇది మంచి దారే. అప్పుడు కూడా అది వాళ్లకు వడ్డీ తింటున్న బండి అని గుర్తుపెట్టుకుని బేరం చేయండి.

అసలు బుక్ చేసినదాని కోసమే ఆగుతాననుకుంటే, ఊరికే ఆగవద్దు. చాసిస్ నంబర్ ఏ తేదీలోగా కేటాయిస్తారో, అప్పటికీ రాకపోతే మొత్తం డబ్బు కోత లేకుండా ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో ఈమెయిల్‌లో రాయించుకోండి. అదే కంపెనీకి నగరంలో ఇతర డీలర్లు ఉంటారు, వరంగల్, కరీంనగర్ వైపు కూడా ఉంటారు. మీకు కావలసిన వేరియంట్ వాళ్ల యార్డులో ఉందేమో ఫోన్ చేసి కనుక్కోండి. డీలర్లు ఒకరి దగ్గర నుంచి ఒకరు బండ్లు తెచ్చుకుంటూనే ఉంటారు. ఫలానా చోట ఉందని మీరే చెబితే మీ షోరూమ్ వాళ్లు కదలవచ్చు, లేదా మీరే అక్కడ కొనుక్కోవచ్చు. ఈ దారిలో దసరా దాటిపోవచ్చు. మరీ డిసెంబర్ దాకా సాగితే ఇంకో చిక్కు. చాలా కంపెనీలు జనవరిలో ధర పెంచుతాయి, డిసెంబర్‌లో కొన్న బండి నెల తిరక్కుండానే కాగితం మీద పాత ఏడాది బండి అవుతుంది. నాన్నగారు పదేళ్లు నడుపుకునే బండయితే ఆ రెండో సంగతి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

తమ్ముడు చెప్పిన క్యాన్సిల్ దారి కూడా తప్పేమీ కాదు. కాకపోతే కొత్త చోట మళ్లీ వరుస చివర్లో నిలబడతారు. అక్కడ మీకు కావలసిన ఆటోమేటిక్ చాసిస్ నంబర్‌తో సహా రెడీగా ఉందని తేలాకే ఇక్కడ రద్దు చేయండి. అదీ 25 వేల గురించి వాళ్ల జవాబు కాగితం మీద వచ్చాక. మీ ఇంటి దగ్గర సొంత పార్కింగ్, అక్కడ ప్లగ్ పెట్టుకునే వీలు ఉంటే ఎలక్ట్రిక్ కారు కూడా ఒకసారి చూడండి. వాటిలో క్లచ్చే ఉండదు, పైగా తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా వాటికి లైఫ్ టాక్స్ మినహాయింపు ఇచ్చారు. కొనే ధర మాత్రం కాస్త ఎక్కువ ఉంటుంది.

లోన్ గురించి ఒక్క మాట. శాంక్షన్ గడువు పొడిగించమని బ్యాంకుకు ఇప్పుడే రాయండి, వడ్డీ రేటు మారుతుందేమో అడిగి తెలుసుకోండి. గడువు అయిపోతోందన్న కంగారులో డబ్బు డీలర్‌కు విడుదల చేయించకండి. విడుదలైన రోజు నుంచి వడ్డీ మీది, బండి మాత్రం ఇంకా వాళ్లది.

షోరూమ్ వాళ్లు ఉత్తరానికి పలకకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నంబర్ తీసుకోండి. ఆ తర్వాత 1915, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోటే కేసు వేయవచ్చు, మీరు కట్టిన మొత్తం ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు కూడా ఉండదు, రెండేళ్ల లోపు వేయాలి. కమిషన్‌లో నెలలు పడుతుంది, దసరాకి కారు ఇప్పించదు. డబ్బు తిరిగి రప్పించుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

ఏ బండి అయినా సరే, పూర్తి డబ్బు కట్టకముందు, రిజిస్ట్రేషన్ కాకముందు యార్డుకు వెళ్లి చూడండి. బండి మీ పేరు మీద రిజిస్టర్ అయ్యాక లోపం కనపడితే వాదనే మిగులుతుంది. నాన్నగారిని వెంట తీసుకెళ్లండి. 31 ఏళ్లు తెల్లవారుజామున డిపోలో బస్సు చుట్టూ తిరిగి చూసి బయటికి తీసిన మనిషి కంటే బాగా ఎవరు చూస్తారు? పగటి వెలుగులో చూడాలి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 3225 అని ఉంటే 2025లో 32వ వారం తయారైందని అర్థం. ఐదు టైర్లవీ చూడండి, స్టెప్నీ మర్చిపోకండి. చాసిస్ నంబర్ బండి మీద, కాగితాల మీద ఒక్కటేనా, తయారైన నెల ఏది, ఎండలో నెలల తరబడి నిలబడ్డ గుర్తులు వైపర్ రబ్బరు మీద ఉన్నాయా, బ్యాటరీ ఒక్క తాళానికే అందుకుంటుందా, డోర్ బోల్టుల మీద తలుపు విప్పి బిగించిన స్పానర్ గీతలు ఉన్నాయా, ఇవన్నీ చూడండి. యార్డులో ఉన్న ఆ టాప్ వేరియంట్‌ను తీసుకోవాలనుకుంటే ఇవన్నీ ఇంకా ముఖ్యం.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఒక సాయంత్రం, ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు, నాన్నగారితో కూర్చోండి. "ఏ కారు కావాలి?" అని అడిగితే మళ్లీ "ఏదో ఒకటి" అంటారు. "దసరా పూజ ముఖ్యమా నాన్నా, మనం అనుకున్న బండి ముఖ్యమా?" అని అడగండి. చుట్టాలకు చెప్పేశాం కదా అన్న బెంగ ఆయన మనసులో ఉంటే అది కూడా బయటికొస్తుంది. దసరాకి రాకపోతే ధనత్రయోదశి ఉంది, కార్తీకం ఉంది. ఎప్పుడొచ్చినా తాడ్‌బండ్ హనుమాన్ గుడి ముందో, పెద్దమ్మ గుడి ముందో నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పూజ చేయిస్తారు. అక్కడ కొత్త బండ్ల వరుస ఏ రోజూ ఖాళీగా ఉండదు. లేదు, ఈ దసరాయే కావాలని ఆయన నోరు తెరిచి అంటే, టాప్ వేరియంట్‌కు పెట్టే ఆ అదనపు డబ్బు దేనికి పెడుతున్నారో మీకు తెలిసే పెడతారు.

ఆయన చేత ఆటోమేటిక్ టెస్ట్ డ్రైవ్ చేయించారో లేదో మీరు రాయలేదు. తప్పకుండా చేయించండి, ఒక్క రౌండు కాదు, అరగంట. ఇన్నేళ్లు క్లచ్ తొక్కిన ఎడమ కాలు అలవాటుగా లేచి బ్రేక్ మీద పడుతుంది, బండి ఒక్కసారిగా ఆగిపోతుంది, వెనకొచ్చేవాడు గుద్దేస్తాడు. అనుభవం ఉన్న డ్రైవర్లకే ఇది ఎక్కువ జరుగుతుంది. ఎడమ పాదం వెనక్కి, సీటు దగ్గరగా లాక్కుని పెట్టుకోమనండి. మొదటి పది రోజులు ఖాళీ గ్రౌండ్‌లోనే నడపమనండి. టెస్ట్ డ్రైవ్ అయ్యాక మీరు తలుపు తీయకుండా, చెయ్యి ఇవ్వకుండా పక్కన నిలబడి, ఆయన తనంతట తాను ఎక్కి దిగేది రెండుసార్లు చూడండి. సీటు ఎత్తు ఆ మోకాలికి సరిపోయిందో లేదో దిగేటప్పుడు ఆయన చెయ్యి దేన్ని పట్టుకుంటుందో చూస్తే మీకు తెలిసిపోతుంది.